కుబేరుల స్వేచ్ఛావాదం: తార్నాక ఏమంటున్నది?

"సర్కారు పక్కకు తప్పుకుంటే చాలు, లోకం దానంతట అదే బాగుపడుతుంది."

ఈ మాట ఈమధ్య మన ఇళ్ళలో కూడా వినవస్తున్నది. సెలవుకు అమెరికా నుంచి వచ్చిన పిల్లలు భోజనాల దగ్గర అంటున్నారు. ఇంజనీరింగు చదివే కుర్రాళ్ళు చాయ్ తాగుతూ అంటున్నారు. దీనికి ఇంగ్లీషులో లిబర్టేరియనిజం అని పేరు. మనవాళ్ళు స్వేచ్ఛావాదమంటున్నారు. పోలీసులు, సైన్యం, న్యాయస్థానాలు, ఈ మూడూ ఉంటే ప్రభుత్వానికి చాలునని ఈ వాదం సారాంశం. బడి, ఆసుపత్రి, ధరలు, వర్తకం, ఇవన్నీ మనుషులు తమలో తాము బేరమాడి తేల్చుకోవలసినవి. పన్ను అనేది కాస్త మర్యాదగా చేసే దోపిడీ అని అనేవాళ్ళు కూడా ఇందులో ఉన్నారు.

గ్రంథాలయాల్లో కూర్చుని వాదించుకున్నంత కాలం దీనివల్ల ఎవరికీ కష్టం లేదు. కాని గత పదిహేనేళ్ళుగా ఈ వాదాన్ని భుజాన వేసుకున్నవారు సామాన్యులు కారు. కంప్యూటర్ల వ్యాపారంలో కోటీశ్వరులైనవారు. పేపాల్ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన పీటర్ థీల్, స్వేచ్ఛకూ ప్రజాస్వామ్యానికీ పొత్తు కుదురుతుందన్న నమ్మకం తనకు పోయిందని 2009లో ఒక వ్యాసంలో రాశాడు. ప్రభుత్వాల బెడద లేకుండా సముద్రం మీద తేలియాడే ఊళ్ళు కట్టాలనే సంస్థకు డబ్బు కూడా ఇచ్చాడు. జలస్తంభన చేసి మడుగులో దాగిన దుర్యోధనుడు గుర్తుకు వస్తే తప్పు మనది కాదు.

సముద్రం మీద ఊళ్ళు లేవలేదు. దానికన్నా దగ్గరి దారి దొరికింది: ఎన్నికలు. 2022లో ఒహాయో రాష్ట్రం నుంచి సెనేటుకు నిలబడిన జె. డి. వాన్స్‌కు తోడ్పడడానికి థీల్ ఒకటిన్నర కోటి డాలర్లు పెట్టాడు. వాన్స్ అంతకుముందు థీల్ కంపెనీలో ఉద్యోగం చేసినవాడే. 2024 అధ్యక్ష ఎన్నికల్లో ఎలాన్ మస్క్ పాతిక కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేశాడు. గెలిచిన తరవాత 2025 జనవరిలో ప్రభుత్వ ఖర్చు తగ్గించే సంస్థ పగ్గాలు ఆయన చేతికి వచ్చాయి. మే నెలాఖరుకు ఆయన ఆ పని వదిలి వెళ్ళిపోయాడు. వెళ్ళేలోగా వేలాది ఉద్యోగాలు పోయాయి, కొన్ని శాఖలకు శాఖలే కూలిపోయాయి.

ఎక్కడో ఒహాయోలో జరిగినదానితో మనకేమి పని అనుకోవచ్చు. వాన్స్ భార్య ఉష ఇంటిపేరు చిలుకూరి. ఆమె పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. 2024లో ఆ ఊళ్ళో వాళ్ళు గుడిలో పూజలు కూడా చేశారు. ఇది సంబరం. సంబరం కాని సంగతి ఒకటున్నది. హైదరాబాదు నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం, వారిలోనివారే నడిపే మిత్ర్ క్లినిక్ 2021లో మొదలైంది. అమెరికా ప్రభుత్వ సహాయ నిధులే దానికి ఆధారం. ఆ నిధులు నిలిచిపోగానే 2025 తొలి నెలల్లో దాని తలుపులు మూతపడ్డాయి. ఆ నిధులు ఇచ్చే శాఖ పేరు యు.ఎస్.ఎయిడ్. దాన్ని మూయించడంలో మస్క్ చేయి ఎంత ఉన్నదో ఆయనే బాహాటంగా గొప్పగా చెప్పుకున్నాడు. వాషింగ్టనులో ఒక కుబేరుడు కలం గీస్తే నారాయణగూడలో మందు అందకపోవడం, మన తాతలు కని విని ఎరుగని వింత.

అయితే "సర్కారూ, తప్పుకో" అన్న నినాదం మాత్రం తెలుగువారికి కొత్తది కాదు. అరవై ఏళ్ళ కిందట ఆ జెండా ఎత్తినవాడు మన నిడుబ్రోలు వాసి, ఆచార్య ఎన్. జి. రంగా. 1959లో నాగపూరు కాంగ్రెసు సభ సహకార వ్యవసాయానికి తీర్మానం చేసింది. రైతు పొలం రైతుకు దక్కకుండా పోతుందని రంగాగారు కాంగ్రెసు నుంచి బయటికి వచ్చారు. రాజాజీ, మినూ మసానీ ప్రభృతులతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. దానికి మొదటి అధ్యక్షులు రంగాగారే. పర్మిట్లూ లైసెన్సులూ రాజ్యమేలుతున్నాయని రాజాజీ వేసిన చురక ఈనాటికీ వాడుకలో ఉన్నది. 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఆ పార్టీకి 19 స్థానాలు, 1967లో 29 స్థానాలు వచ్చాయి. 1967లోనే లోక్‌సభలో 44 మందితో అన్నిటికన్నా పెద్ద ప్రతిపక్షమై కూర్చున్నది. ఆ ఏడు సార్వత్రిక ఎన్నికల్లో శ్రీకాకుళం నుంచి గెలిచిన గౌతు లచ్చన్న తన స్థానం ఖాళీ చేసి, ఉప ఎన్నికలో రంగాగారిని అక్కడి నుంచి పార్లమెంటుకు పంపారు. ఆ రోజుల్లో పదవి వదులుకోవడం కూడా రాజకీయంలో ఒక పద్ధతిగా ఉండేది.

స్వతంత్ర పార్టీలో జమీందార్లు లేరా, రాజులు లేరా, మిల్లు యజమానులు లేరా? ఉన్నారు. దాన్ని రాజాల పార్టీ అని ఎద్దేవా చేసినవాళ్ళూ ఉన్నారు. అయినా రంగాగారి వాదంలో ఒక నిజాయితీ ఉన్నది. ఆయన ఎవరి తరఫున మాట్లాడారో ఆ రైతుకు సర్కారు నుంచి అప్పటికి వచ్చింది తక్కువ, పోతుందని భయపడింది ఎక్కువ. నాలుగెకరాల ఆసామి "నా చేను జోలికి రావద్దు" అనడం ఒకటి. సర్కారు పాలు తాగి పెరిగి, పెద్దయ్యాక "ఆ ఆవును అమ్మేయండి, ఖర్చు దండుగ" అనడం ఇంకొకటి.

ఆ ఆవు సంగతి తెలియాలంటే తార్నాకకు రావాలి.

తీగ కంచె వేసిన నాకా ఉండేది గనుక తార్నాక అయిందని ఇక్కడి పాతకాపులు చెబుతారు. ఆ చౌరస్తాలో నిలబడి నాలుగు వైపులా చూడండి. ఒక పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఉప్పల్ రోడ్డు పట్టుకుంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ. పాతవాళ్ళు ఇప్పటికీ దాన్ని ఆర్.ఆర్.ఎల్. అనే అంటారు. ఇంకొంచెం ముందుకు పోతే జీవకణ పరిశోధన చేసే సి.సి.ఎం.బి., భూగర్భ శాస్త్రజ్ఞుల ఎన్.జి.ఆర్.ఐ. ఉన్నాయి. దగ్గరలోనే కూనూరు నుంచి 1958 ప్రాంతంలో తరలివచ్చిన పోషకాహార సంస్థ. ఆర్టీసీ వారి ఆసుపత్రి కూడా ఇక్కడే. ఇంత చదువూ ఇంత పరిశోధనా ఇంత చిన్న జాగాలో ఉన్న చోట్లు దేశంలో ఎన్నో లేవు. వీటిలో ఒక్కటి కూడా ఏ కుబేరుడూ లాభం కోసం పెట్టింది కాదు.

ఆర్.ఆర్.ఎల్. కథ చెప్పుకోదగ్గది. నిజాం రాజ్యం 1944లో పారిశ్రామిక పరిశోధన కోసం ఒక ప్రయోగశాల పెట్టింది. 1956లో అది కేంద్రం చేతికి వచ్చి రీజినల్ రిసెర్చ్ లేబొరేటరీ అయింది. 1989లో ఇప్పటి పేరు వచ్చింది. 1985 నుంచి పదేళ్ళు దానికి డైరెక్టరుగా ఉన్నవారు డాక్టర్ ఎ. వి. రామారావు. అప్పుడే ఎయిడ్స్ మహమ్మారి లోకాన్ని వణికించడం మొదలుపెట్టింది. దానికి అమెరికాలో ఆమోదం పొందిన మొదటి మందు ఏజడ్‌టీ. ఏడాదికి వేల డాలర్లు పోస్తే గాని దొరికేది కాదు. దాన్ని చౌకగా తయారుచేసే పద్ధతి తార్నాక శాస్త్రజ్ఞులు కనిపెట్టి బొంబాయి సిప్లా కంపెనీకి ఇచ్చారు. 1993లో సిప్లా దాన్ని బజారులోకి తెచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ మందు రసాయనం 1964లో అమెరికాలో మొదట పుట్టింది కూడా అక్కడి ప్రభుత్వ నిధులతో సాగిన కాన్సరు పరిశోధనలోనే. అటు చివరా సర్కారే, ఇటు చివరా సర్కారే. నడుమ కంపెనీ లాభం.

తార్నాక ఒక్కటే అనుకోకండి. బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. అని ప్రభుత్వ మందుల కర్మాగారం ఉండేది. గుంటూరు జిల్లా తాడేపల్లి నుంచి వచ్చిన కె. అంజిరెడ్డి అక్కడ ఉద్యోగం చేసి పని నేర్చుకున్నారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయన తెలివినీ సాహసాన్నీ ఎవరు కాదంటారు? కాని ఆయన వంటివారు నిలదొక్కుకోవడానికి మరొక దన్ను ఉన్నది. 1970లో పార్లమెంటు చేసిన పేటెంటు చట్టం, మందు మీద గుత్త హక్కు తీసేసి, తయారీ పద్ధతి మీద మాత్రమే హక్కు ఉంచింది. ఇంకో పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చునన్నమాట. ఆ చట్టం లేకపోతే హైదరాబాదు మందుల రాజధాని అయ్యేదా? నాకు నమ్మకం లేదు.

ఇక విశ్వవిద్యాలయం. 1918లో ఉర్దూ బోధనా భాషగా పుట్టింది. ఆర్ట్స్ కాలేజీ గులాబి రంగు రాతి మేడ 1939లో తెరిచారు. ఇంజనీరింగు కళాశాల అంతకు పదేళ్ళు ముందుది. నేటి కంప్యూటరు లోకంలో పెద్ద పేరైన శాంతను నారాయణ్ ఎలక్ట్రానిక్సు చదివింది ఆ కళాశాలలోనే. 2007లో ఆయన అడోబీ కంపెనీకి ప్రధానాధికారి అయ్యారు. ఆయన స్వేచ్ఛావాది అని నేను అనడం లేదు. అక్కడి నుంచి సముద్రాలు దాటిన వేలాది తెలుగు ఇంజనీర్లకు తొలిమెట్టు ఆ కాంపస్ అని మాత్రం అంటున్నాను.

ఈ విషయమై తార్నాక ఇళ్ళలో నడిచే వాదన ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆర్.ఆర్.ఎల్.లో పనిచేసి రిటైరైన మేనమామ, కాలిఫోర్నియా నుంచి వచ్చిన మేనల్లుడు ఎదురెదురుగా కూర్చున్నారనుకోండి.

"మామయ్యా, మీ సర్కారు మీకేం చేసింది? టెలిఫోను కోసం ఏళ్ళ తరబడి కాచుకున్నారు గదా!"

"కాచుకున్నామురా. స్కూటరుకూ కాచుకున్నాం, గ్యాసు బండకూ కాచుకున్నాం. కాదన్నానా?"

"మరి? సర్కారు తప్పుకున్నాకనే గదా ఇవన్నీ వచ్చాయి!"

"ఫోను వచ్చింది. నీ ఇంజనీరింగుకు మీ నాన్న కట్టిన ఫీజు ఎంతో అడిగావా ఎప్పుడైనా? ఆయన నెల జీతంలో ఒక మూల. మిగతాది ఎవరు కట్టారనుకున్నావు?"

మేనల్లుడు నవ్వి ఊరుకుంటాడు. అత్తయ్య కాఫీ తెస్తుంది.

మేనల్లుడి మాటలో నిజం లేకపోలేదు. ఫోను, స్కూటరు, సిమెంటు, చక్కెర, దేనికైనా చీటీ, చీటీకో సిఫారసు, సిఫారసుకో లంచం కావలసిన రోజులను చూసినవాళ్ళు ఇంకా మన ఇళ్ళలో ఉన్నారు. ఆ ముడిని 1991లో విప్పినవారు మరొక తెలుగువారే, పి. వి. నరసింహారావు. నిజాం రాజ్యంలో వందేమాతరం పాడిన నేరానికి చదువు నాగపూరుకు మార్చుకోవలసి వచ్చిన విద్యార్థి ఆయన. లైసెన్సుల కట్టలు ఆయన హయాములోనే చాలావరకు తెగాయి. రంగాగారి పార్టీ చచ్చిపోయిన పదిహేడేళ్ళకు, దాని కోరికల్లో సగం కాంగ్రెసు ప్రధాని చేతుల మీదుగా తీరడం చరిత్ర చేసిన చమత్కారం. కాని పి.వి. ఆర్.ఆర్.ఎల్.ను మూయలేదు, ఉస్మానియాను అమ్మలేదు. తాళాలు తీయడం వేరు, ఇల్లు పడగొట్టడం వేరు అని ఆయనకు తెలుసు.

అమెరికా కుబేరుల చిట్టా విప్పినా ఇదే వరస. ఇంటర్నెట్టుకు మూలమైన తీగల అల్లిక 1969లో అక్కడి రక్షణ శాఖ వేసినది. మస్క్‌గారి రాకెట్ల కంపెనీ దివాళా అంచున ఉన్నప్పుడు, 2008 డిసెంబరులో, నాసా 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చి ఊపిరి పోసింది. ఆయన కార్ల కంపెనీకి 2010లో ప్రభుత్వం 46 కోట్ల డాలర్లకు పైగా అప్పు ఇచ్చింది. అది ఆయన 2013లోనే తీర్చేశాడు, ఆ మాట కూడా చెప్పాలి. ప్రజాస్వామ్యం మీద నమ్మకం పోయిందన్న థీల్ పెట్టుబడి పెట్టి స్థాపించిన పలాంటిర్ కంపెనీకి మొదటి రోజుల్లో డబ్బు ఇచ్చినది సి.ఐ.ఏ. గూఢచారి శాఖ వారి పెట్టుబడి సంస్థ. ప్రభుత్వం తప్పుకోవాలి గాని ప్రభుత్వ చెక్కు తప్పుకోకూడదు కాబోలు.

మన ఊరి ఉదాహరణ ఇంతకన్నా బాగా అర్థమవుతుంది. 1987లో పుట్టిన సత్యం కంప్యూటర్స్ హైదరాబాదు గర్వంగా చెప్పుకున్న కంపెనీ. 2005లో 108 అంబులెన్సు సేవ మొదలు పెట్టించిన సంస్థ కూడా ఆ రామలింగరాజుగారిదే. 2009 జనవరి 7న ఆయనే, లెక్కల్లో ఏడువేల కోట్ల పైచిలుకు మోసం ఉన్నదని ఒప్పుకుంటూ ఉత్తరం రాశారు. ఆ రాత్రి యాభైవేల దాకా ఉద్యోగుల ఇళ్ళలో ఎవరికి నిద్ర పట్టింది? బజారు తనంతట తాను చక్కబెడుతుందని ఎవరూ కాచుకోలేదు. కేంద్ర ప్రభుత్వం డైరెక్టర్ల బోర్డును తీసేసి తన మనుషులను కూర్చోబెట్టింది. ఏప్రిల్ నాటికి కంపెనీని టెక్ మహీంద్రా చేతిలో పెట్టింది. జీతాలు ఆగలేదు. ఆ వారాల్లో ప్రభుత్వం పక్కకు తప్పుకోవాలని హైదరాబాదులో ఒక్కరు కూడా అన్నట్టు నేను వినలేదు. 108 బండ్లు కూడా ఆగలేదు. ఎందుకంటే వాటి ఖర్చులో సింహభాగం అప్పటికే రాష్ట్ర ఖజానాది.

మరి మన దేశంలో కుబేరులు ఎన్నికల్లోకి రావడం లేదా? వస్తున్నారు. రంగాగారు తరవాత కాంగ్రెసులోకి తిరిగి వచ్చి 1980, 1984, 1989 ఎన్నికల్లో గుంటూరు నుంచి గెలిచారు. అదే గుంటూరు నుంచి 2024లో గెలిచినవారు డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్. ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో వైద్య విద్యార్థుల పరీక్షలకు తర్ఫీదునిచ్చే ఇంటర్నెట్టు కంపెనీ పెట్టి, కుటుంబ ఆస్తి 5,700 కోట్లకు పైమాటేనని అఫిడవిట్టు ఇచ్చారు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తానికి అంత ధనవంతుడైన అభ్యర్థి లేడని పత్రికలన్నీ రాశాయి. గెలిచి కేంద్రంలో సహాయమంత్రి అయ్యారు. ఆయన "సర్కారూ తప్పుకో" అనే బాపతు కాదు. నిలబడ్డ పార్టీ తెలుగుదేశం, చేపట్టిన శాఖల్లో ఒకటి గ్రామీణాభివృద్ధి. దాచకుండా ఆస్తి చెప్పి, ఓటు అడిగి, గెలిచినవారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఓటు అడగకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా, చందా ఇచ్చిన చేత్తోనే శాఖలు మూసే పద్ధతి మన దాకా రాకూడదని మాత్రం కోరుకుంటున్నాను.

ఇక అమెరికా వెళ్ళాలనుకునే మన పిల్లల మాట. స్వేచ్ఛావాదం చిత్తశుద్ధితో పాటిస్తే, సరుకులకు వలెనే మనుషులకూ సరిహద్దులు తెరిచి ఉంచాలి. 2024 డిసెంబరులో హెచ్-1బి వీసాల మీద అమెరికాలో పెద్ద రగడ జరిగింది. మస్క్ ఆ వీసాలను గట్టిగా సమర్థించాడు. ఆయనతో చేయి కలిపి ఎన్నికల్లో పనిచేసినవారే ఆయన మీద విరుచుకుపడ్డారు. చివరికి ఏమైంది? 2025 సెప్టెంబరులో, విదేశాల నుంచి కొత్తగా రప్పించే ప్రతి హెచ్-1బి ఉద్యోగి మీద లక్ష డాలర్ల రుసుము విధించారు. కంపెనీల పన్ను తగ్గింది, కుర్రాడి దారి మూసుకుపోయింది. కుబేరులకు కావలసిన స్వేచ్ఛ కుబేరులకు దక్కింది. తార్నాకలో ఇల్లు కుదువబెట్టి కొడుకును పంపిన తండ్రి లెక్కలో ఆ స్వేచ్ఛ ఏ పద్దు కింద రాయాలో తెలియదు.

ఉస్మానియాలో మంజూరైన అధ్యాపక పదవుల్లో సగానికి పైగా ఏళ్ళ తరబడి ఖాళీ. పెద్ద ఎత్తున నియామకాలు జరిగి పదేళ్ళు దాటింది. సర్కారును ఎవరూ తప్పుకొమ్మనకుండానే అది కొంత తప్పుకున్నదన్నమాట. ఆ జాగాలోకి ఏ కుబేరుడూ రాలేదు. కొత్తగా వచ్చినవి ఊరి బయట పెద్ద గేట్ల ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. అక్కడి ఏడాది ఫీజు వింటే మన మామయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేస్తాడు.

సాయంత్రం పూట కాంపస్ గ్రంథాలయంలోకి వెళ్ళి చూడండి. పాలమూరు నుంచి, ఆదిలాబాదు నుంచి వచ్చిన పిల్లలు కిక్కిరిసి కూర్చుని చదువుతుంటారు. చోటు చాలనివాళ్ళు మెట్ల మీద, చెట్ల కింద. వాళ్ళు చదివేది స్వేచ్ఛావాదం కాదు, గ్రూపు పరీక్షల పుస్తకాలు. నోటిఫికేషను ఎప్పుడిస్తారని వాళ్ళు సర్కారును అడుగుతున్నారు.